పాత స్కిడ్డర్ విప్పే ముందు జాగ్రత్తలు

స్కిడ్డర్లు తయారుచేసే టింబర్‌జాక్ కంపెనీని 2000లో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ కొనేసింది. కెనడా, అమెరికా అడవుల్లో దుంగలు లాగే దాని పాత స్కిడ్డర్లకు కొన్ని పార్టులు ఇప్పుడు అంత తేలిగ్గా దొరకవు. అందుకే స్పానర్ పట్టే ముందు:

– బ్లేడు నేలకు దించి, ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టండి.

– ఈ బండి మధ్యలో మడిచినట్టు తిరుగుతుంది. అక్కడి లాక్ వేయకుండా ఆ సందులోకి వెళ్లొద్దు. ఎవరైనా స్టీరింగ్ కదిపితే మనిషి నలిగిపోతాడు. మిగతావి ఎలా ఉన్నా ఇది మాత్రం మర్చిపోవద్దు.

– హైడ్రాలిక్ ప్రెషర్ వదిలేయండి. లీకును చేత్తో వెతకొద్దు, సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క వాడండి.

– బేరింగుల మీది నంబర్లు వెంటనే రాసుకోండి. చాలావరకు స్టాండర్డ్ సైజులే, మామూలు బేరింగ్ షాపులో దొరకొచ్చు. సీల్ కావాలంటే షాఫ్టును, గాడిని కొలవండి, అరిగిన సీల్‌ను కాదు.

– పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు. దుమ్ము పోవాలని గాలి కొట్టొద్దు.

– విరిగిన పార్టు పారేయొద్దు, లేత్ షాపుకు నమూనా అదే.