కష్టం వచ్చినప్పుడు పిల్లలకు దేవుని ప్రేమను ఎలా వివరించాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అంతటి విపత్తు తరువాత మన సంఘాలలో వినిపించే సాక్ష్యం ఒకటి ఉంది: "దేవుడు మమ్మల్ని ప్రేమించాడు గనుక మా ఇంటికి ఏమీ కాలేదు." చెప్పేవారి కృతజ్ఞత నిజమైనదే. కానీ అదే చాపమీద, ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయిన పిల్లవాడు కూర్చుని ఉంటే, ఆ మాట అతనికి "నిన్ను ప్రేమించలేదు" అన్నట్లే వినిపిస్తుంది. కాబట్టి బోధ మొదలుపెట్టేముందు మన మాటలనే ఒకసారి సరిచూసుకోవాలి.

ముందుగా పిల్లల చేత మాట్లాడించండి. "నీకేమనిపిస్తోంది?" అని అడిగి, జవాబు వచ్చేవరకు, అది కోపంగా వచ్చినా సరే, వాక్యం తెరవకుండా ఆగండి.

మరణం గురించి చెప్పేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. "తాతగారు ప్రభువునందు నిద్రించారు" అనేది పెద్దలకు నిరీక్షణనిచ్చే మాటే అయినా, అయిదేళ్ల పాప దానిని ఉన్నది ఉన్నట్లుగా అర్థం చేసుకుని, ఆ రాత్రి కళ్లు మూయడానికే భయపడవచ్చు. "తాతగారు చనిపోయారు, ఆయన శరీరం ఇక పనిచేయదు" అని స్పష్టంగా చెప్పి, ఆ తరువాతనే పునరుత్థానం గురించి చెప్పండి. "దేవుడికి కావాలని తీసుకుపోయాడు" అని మాత్రం అనవద్దు. రేపు అమ్మను కూడా తీసుకుపోతాడేమోనన్న భయం అక్కడే పుడుతుంది.

"నేను అల్లరి చేసినందుకేనా?" అనే ప్రశ్నను చాలామంది పిల్లలు పైకి అడగరు, కాబట్టి అడగకపోయినా జవాబు చెప్పాలి. పుట్టుగుడ్డివాని విషయంలో అతడు గాని, అతని తల్లిదండ్రులు గాని పాపం చేసినందువల్ల కాదని యేసు చెప్పిన సంగతి యోహాను 9వ అధ్యాయంలో ఉంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని లూకా 13వ అధ్యాయం చెబుతుంది. వీటితోపాటు అసలు కారణాన్నీ చెప్పండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో, ట్యాంకులోని స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి విషవాయువుగా వెలువడింది. ప్రమాదకరమైన పదార్థాన్ని భద్రంగా ఉంచవలసిన బాధ్యత మనుషులది. ఆ బాధ్యతను దేవుని చిత్తం అనే మాటతో కప్పివేస్తే పిల్లలకు దేవుడూ అర్థం కాడు, న్యాయమూ అర్థం కాదు.

మరి ప్రేమ ఎక్కడ ఉంది? చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధి దగ్గరకు వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడు. విశాఖలోని మత్స్యకారుల పేట అయిన జాలారిపేట పిల్లలకైతే మార్కు 4వ అధ్యాయంలోని పడవ ఇంకా దగ్గరగా ఉంటుంది. తుపాను శిష్యులను వదలలేదు, అయితే యేసు కూడా అదే పడవలో ఉన్నాడు. "మీకు చింత లేదా" అని వారు నిలదీసినా వారిని దిగిపొమ్మనలేదు. అందుచేత 13వ కీర్తనలో దావీదు అడిగినట్లు "ఎన్నాళ్లు ప్రభువా?" అని ప్రార్థించడం తప్పు కాదని పిల్లలకు నేర్పండి. "ఎందుకు?" అన్నదానికి జవాబు తెలియనప్పుడు "నాకూ తెలియదు, ఇద్దరం కలిసి అడుగుదాం" అనండి.

వారాలు గడిచినా నిద్ర, తిండి, చదువు గాడిన పడకపోతే, ప్రార్థన కొనసాగిస్తూనే పిల్లల వైద్యునికి గాని, మానసిక వైద్యునికి గాని చూపించాలి. అది విశ్వాసలోపం కాదు.

నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్లేవారు పిల్లలనూ వెంట తీసుకువెళ్లి, కొవ్వొత్తిని వారి చేతనే వెలిగించనివ్వండి. నిరుడు అడిగిన ప్రశ్ననే అక్కడ మళ్లీ అడిగితే, మొదటిసారి విన్నంత ఓపికగా వినండి.