‘ఒకసారి స్టేషన్‌కి రా’ అంటే: డిసెంబర్ 31 రాత్రి జాగ్రత్తలు

ఆ రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తారు, ట్యాంక్‌బండ్ వైపు బండ్లు పోనివ్వరు, మలుపు మలుపుకీ డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్. తాగితే బండి తీయకండి. దాని గురించి ఇంతకంటే చెప్పను.

నేను చెప్పేది ఇంకోటి. పోలీసులు కూడా చట్టం విషయంలో పొరబడతారు. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసినా, ఏళ్ల తరబడి దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారు. 2022లో కోర్టు మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. అయితే ఆ పొరపాటును రోడ్డు మీద తేల్చుకోవాలనుకోకండి. మీరు గొంతు పెంచితే, చేయి విదిలిస్తే ఇంకో కేసు తయారవుతుంది.

ఊదే ముందు కొత్త గొట్టం పెట్టమనండి, రీడింగ్ మీ కళ్లతో చూడండి. పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. తాగి నడిపారని అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు పరీక్ష జరగాలి, లేదంటే వదిలేయాలి. తాగని మనిషి లైసెన్సుతో పక్కనుంటే బండి అతనికి ఇవ్వాలని మన తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది.

అసలు తిరకాసు ‘ఒకసారి స్టేషన్‌కి రా, మాట్లాడి పంపిస్తాం’ దగ్గర వస్తుంది. మా బావమరిదిని పార్కింగ్ గొడవలో అలాగే తీసుకెళ్లారు, రాత్రి 11 దాటాక. అరెస్టు మెమోలో మాత్రం మర్నాడు సాయంత్రం 4 గంటలని రాశారు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న లెక్క మనిషిని ఆపిన క్షణం నుంచే మొదలవుతుంది గానీ, కాగితం రాసినప్పటి నుంచి కాదు. వాడు నయం, ‘స్టేషన్‌లో ఉన్నా’ అని 11:10కి వాళ్లావిడకి వాట్సాప్ చేశాడు. మెమో మీద సంతకం పక్కన కూడా ‘రాత్రి 11:10 నుంచి ఇక్కడే’ అని రాశాడు. లాయరు కోర్టులో చూపించింది ఆ రెండే.

ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. మెమో మీద ఇంటివాళ్లో, ఆ ఏరియాలోని పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవచ్చు. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. నోటీసు చేతికి వస్తే మాత్రం ఎగ్గొట్టకండి, అరెస్టుకు అదే కారణమవుతుంది. ఆడవాళ్లను పొద్దుగూకాక అరెస్టు చేయాలంటే మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి, అదీ తప్పనిసరైతేనే. లాయరు లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఈ నంబరూ, ఇంట్లోవాళ్ల నంబర్లూ కాగితం మీద రాసుకోండి. మెసేజ్ పెట్టిన పది నిమిషాలకే మావాడి ఫోన్ తీసేసుకున్నారు. ఇంట్లోవాళ్లతో మాట్లాడతావా అని తర్వాత అడిగితే, పెళ్లాం నంబరు గుర్తులేక నోరెళ్లబెట్టాడట. ఇప్పుడు పర్సులో ఆధార్ కార్డు వెనకాల చీటీ పెట్టుకుని తిరుగుతున్నాడు.