తప్పు దిద్దే ముందు ఒక్క నిమిషం

ఆన్‌లైన్‌లో ఎవరైనా ‘అర్థం కాలేదు’ బదులు ‘అర్ధం కాలేదు’ అని రాయగానే మీద పడిపోకండి. మన నోట్లో థ, ధ ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవాళ్లు డి, హెచ్ కొడతారు, కీబోర్డు ‘ధ’ ఇచ్చేస్తుంది. ముందు ఆంధ్రభారతి ఆన్‌లైన్ నిఘంటువులో వెతకండి: అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ‘భాద’ (బాధ), ‘సంధర్భం’ (సందర్భం), ‘విద్యార్ధి’ (విద్యార్థి) కూడా ఇలాంటి ఒత్తుల తప్పులే.

‘వచ్చిండు’ తప్పు కాదు, తెలంగాణ మాట. దాన్ని దిద్దబోతే నాలుగు తిట్లు పడతాయి, పడాలి కూడా. ‘సాఫ్ట్‌వేర్’ బదులు ‘సాఫ్ట్వేర్’ కనిపిస్తే అది రాసినవాళ్ల అజ్ఞానం కాదు; ట్ తర్వాత కనబడని విడదీత అక్షరం పడలేదు, అంతే.

కామాల జోలికి అర్థం మారితేనే వెళ్లండి. ‘రవి తమ్ముడు, సీత వచ్చారు’ అంటే ఇద్దరు. ‘రవి, తమ్ముడు, సీత వచ్చారు’ అంటే ముగ్గురు.

చెప్పేటప్పుడు ఒక తప్పు, దాని సరైన రూపం, ఒక్క వాక్యంలో కారణం చాలు. వీలైతే విడిగా మెసేజ్ పెట్టండి. ‘తెలుగే రాదా?’ అన్నారంటే ఇక అక్షరం సంగతి ఎవరికీ పట్టదు. పంపే ముందు మీ వాక్యం రెండుసార్లు చదువుకోండి. దిద్దేవాళ్ల తప్పుల కోసం అందరూ కాచుకుని ఉంటారు. రెండో జవాబుకీ ఒప్పుకోకపోతే వదిలేయండి.