దసరా దులుపుడుకు ముందు: పాత ఫోమ్, పాత టీవీల దుమ్ముతో జాగ్రత్త

బతుకమ్మ పండుగ దగ్గరపడిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లల్లో అటకల మీది సామాను దిగుతుంది, పరుపులు డాబా ఎక్కుతాయి. ఏడాది పొడుగునా సోఫా కింద, టీవీ వెనక పేరుకున్న దుమ్మంతా ఒక్క పూటలో గాలిలోకి లేస్తుంది. అది ఉత్త మట్టి కాదు. పాత ఎలక్ట్రానిక్ సామాను, కొన్ని రకాల ఫోమ్‌కు తొందరగా మంట అంటుకోకుండా కలిపే ఫ్లేమ్ రిటార్డెంట్ రసాయనాలు కూడా అందులో ఉండవచ్చు.

వీటిలో బాగా వాడింది పీబీడీఈ అనే బ్రోమిన్ రసాయనాలు. ఇవి ప్లాస్టిక్‌తో గట్టిగా అతుక్కోవు, ఉప్పు కలిపినట్టు కలిపి వదిలేస్తారు. అందుకే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటాయి. థైరాయిడ్ హార్మోన్ పనికి అడ్డుపడతాయి, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు మంచివి కావు. ఏళ్ల తరబడి చెడిపోకుండా నిలిచే విష రసాయనాలను ఆపేందుకు దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద పీబీడీఈల్లో కొన్నిటిని 2009లో, డెకా అనే రకాన్ని 2017లో నిషేధిత జాబితాలో చేర్చారు. మన దేశంలో కొత్త ఎలక్ట్రానిక్ సామానులో పీబీడీఈ 0.1 శాతం మించకూడదన్న నియమం 2014 మే 1 నుంచి ఉంది. అంతకుముందు కొన్న డబ్బా టీవీ, కంప్యూటర్ మానిటర్ ఇంట్లో ఉంటే వాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి. ఫోమ్‌లో ఈ మందు ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం.

అందరికన్నా ఎక్కువ ముప్పు పాకే పిల్లలకు. నేల మీద చేయి పెట్టి, అదే చేయి నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి దులిపే రోజు పిల్లల్ని, గర్భిణులను పక్కింటికి పంపండి. బిందెలు, వంట సామాను మూతపెట్టి బయట ఉంచండి. ఫ్యాన్లు ఆపండి, కిటికీలు తెరవండి. ముక్కుకు టవల్ చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు ముఖానికి సందు లేకుండా బిగించుకోవాలి.

పని పై నుంచి కిందికి. ఫ్యాన్ రెక్కకు పాత దిండు గలీబు తొడిగి మెల్లగా వెనక్కి లాగితే దుమ్ము లోపలే పడుతుంది. తరువాత 5 లీటర్ల బకెట్ నీళ్లలో చెంచాడు సర్ఫ్ కలిపి, కారకుండా పిండిన గుడ్డతో తుడవండి. నీళ్లు మట్టిరంగు తిరగగానే మార్చండి, లేకపోతే అదే దుమ్మును మళ్లీ పూసినట్టే. ఎండు చీపురు పట్టకండి. టీవీని ప్లగ్ తీసి బయటి నుంచే తుడవండి. డబ్బా టీవీ వెనక మూత విప్పకండి, కరెంటు తీసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

పరుపును డాబా మీద కర్రతో బాదడం మానండి. నొక్కితే పసుపు పొడి రాలుతోందంటే ఫోమ్ చివికిపోయింది. దాన్ని చింపి దిండ్లలో కూరకండి, పాప ఉయ్యాలలో అసలే వద్దు. పారేసేదాకా మందం గుడ్డతో కవర్ కుట్టించి ఉంచండి. రంగురంగుల ముక్కలు అతికించిన చౌక ఫోమ్ తుక్కు ముక్కలతో తయారవుతుంది, ఏ సామాను ముక్కో ఎవరికీ తెలియదు. పిల్లలకైతే దూది పరుపే మేలు.

పాత వైర్లు, ఫోమ్, టీవీ ప్లాస్టిక్ చెత్తకుప్పలో పెట్టి కాల్చవద్దు. బ్రోమిన్ ఉన్న ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ల వంటి విష పదార్థాలు పుడతాయి. రాగి కోసం వైర్లు కాల్చే చోట నిలబడ్డవాళ్లకు ఇదే ఎక్కువ నష్టం. పాత ఎలక్ట్రానిక్ సామాను గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికే ఇవ్వండి. తుడిచిన నీళ్లు కూరగాయల మడిలో కాకుండా మురుగు కాల్వలో పోయండి.

టీవీ, కంప్యూటర్ రిపేరు దుకాణాల్లో రోజూ దసరా దులుపుడే. సీపీయూను దుకాణంలో బ్లోయర్‌తో ఊదితే ఆ దుమ్ము టీ గ్లాసులోనే పడుతుంది. బయటికి తెచ్చి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, లోపలి ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. టీ, బీడీ, అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడగండి. పని బట్టలు దుకాణంలోనే మార్చుకుని, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి.