చంటిబిడ్డకు ఆర్‌ఎస్‌వి సోకకుండా ఇంట్లో ఏం చేయాలి

పెద్దవాళ్ళకు నాలుగు తుమ్ములతో పోయే జలుబే రెండు నెలల బిడ్డకు ఆక్సిజన్ పెట్టించేదాకా తీసుకెళ్ళొచ్చు. అలాంటి జలుబు తెచ్చే వైరస్‌లలో పసివాళ్ళను ఎక్కువగా ఆసుపత్రి పాలు చేసేది ఆర్‌ఎస్‌వి (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్). రెండేళ్ళు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా సోకుతుంది. అయితే ఎంత ఆలస్యంగా సోకితే అంత మేలు. పసికందుల ఊపిరితిత్తుల చివరి గొట్టాలు మరీ సన్నగా ఉంటాయి. అవి వాచి, లోపల జిగురు చేరితే గాలి ఆడదు. అందుకే మొదటి ఆరు నెలలు, అందులోనూ మొదటి మూడు నెలలు, గట్టిగా కాపాడుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, పుట్టుకతో గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కాలం కావాలి.

ఈ వైరస్ చాలా ఇళ్ళలోకి బడికెళ్ళే అన్నతోనో అక్కతోనో వస్తుంది. తుమ్ము, దగ్గు తుంపరలు ఒక దారి, చేతులు ఇంకో దారి. ఉయ్యాల కడ్డీ, గిలక్కాయ, సెల్‌ఫోను లాంటి గట్టి వస్తువుల మీద కొన్ని గంటలు బతికుంటుంది. పైగా జలుబు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఎదుటివాళ్ళకు అంటుకోవచ్చు. కాబట్టి ఎవరికీ జలుబు లేని రోజుల్లోనూ కింది అలవాట్లు నడవాలి.

పెద్దపిల్లలు బడినుంచి రాగానే సంచి గుమ్మం దగ్గర పెట్టి, సబ్బుతో 20 సెకన్లు చేతులు, ఆపైన ముఖం కడుక్కుని, యూనిఫాం మార్చుకున్నాకే చెల్లాయి దగ్గరికి వెళ్ళాలి. ముద్దు పెట్టాలనిపిస్తే పాదాల మీద పెట్టమనండి, మొహం మీదా చేతుల మీదా వద్దు. చంటిపిల్లలు చేతులు నోట్లోనే పెట్టుకుంటారు కదా. పెద్దవాళ్ళు ఉంగరాల కిందా, గోళ్ళ సందుల్లోనూ రుద్ది కడగాలి. కడిగాక వాష్‌బేసిన్ పక్కన ఇంటిల్లిపాదికీ వేలాడే ఒకే తువ్వాలుతో తుడుచుకుంటే కడిగిన ఫలితం పోతుంది. ఎవరి తువ్వాలు వాళ్ళకు ఉండాలి. పెద్దవాడి ముక్కు తుడిచిన చీర చెంగుతోనే చంటిదాని మూతి తుడవడం చాలా ఇళ్ళలో జరిగేదే. చంటిబిడ్డకు విడిగా నాలుగైదు మెత్తటి గుడ్డలు పెట్టి, రోజూ ఉతికి ఎండలో ఆరేయండి.

జలుబు ఉన్నవాళ్ళు, అమ్మమ్మైనా తాతయ్యైనా, కనీసం ఎనిమిది రోజులు బిడ్డను ఎత్తుకోకూడదు. తల్లికే జలుబు చేస్తే పాలు ఆపొద్దు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పట్టొచ్చు; జబ్బుతో పోరాడే యాంటీబాడీలు ఆ పాలతోనే బిడ్డకు అందుతాయి.

బారసాల దగ్గర మొహమాటం అడ్డొస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళూ ఎత్తుకుని దీవించాలనుకుంటారు. "డాక్టరుగారు వద్దన్నారండీ" అని ఇంటి పెద్ద ముందే ఫోన్లో చెబితే ఎవరూ నొచ్చుకోరు. బిడ్డను ఉయ్యాల్లో ఉంచి, అక్షింతలు దూరం నుంచే వేయించండి. వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం పోయేదాకా ఆర్‌ఎస్‌వి సీజను. అప్పుడు మూడు నెలల లోపు బిడ్డను దసరాకు విజయవాడ ఇంద్రకీలాద్రి క్యూలోకి, పండగ రద్దీలో అక్కడి బీసెంట్ రోడ్డు బజారుకు తీసుకెళ్ళకండి. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

పొగ సంగతి గట్టిగా చెప్పాలి. స్నానం కాగానే బిడ్డను సాంబ్రాణి పొగ మీద పట్టడం మానేయండి. తల ఆరడానికి పొడిగుడ్డ చాలు. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. సిగరెట్టు, బీడీ ఇంటి వరండాలో కూడా వద్దు. పొగ తగిలిన ఊపిరి గొట్టాలు ముందే వాచి ఉంటాయి, ఆపైన వైరస్ వస్తే జబ్బు ముదురుతుంది.

మందులతోనూ రక్షణ ఉంది. గర్భిణికి వేసే టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 28 వారాలు నిండాక సూచిస్తోంది. వేసిన 14 రోజుల లోపే కాన్పయితే రక్షణ సరిగా అందదు. బిడ్డకు నేరుగా ఇచ్చే నిర్సెవిమాబ్ ఒక్క ఇంజెక్షన్: తొలి సీజనులో 5 కిలోల లోపు బరువుంటే 50 మిల్లీగ్రాములు, ఆపైన 100. పాత మందు పాలివిజుమాబ్ అయితే సీజనులో నెలకొకటి వేయాలి. మనకు ఉచితంగా వేసే టీకాల్లో ఆర్‌ఎస్‌వికి టీకా లేదు కాబట్టి, దొరుకుతాయా, ఖర్చెంత అన్నది కాన్పుకు ముందే మీ డాక్టరును అడగండి.

ఇన్ని చేసినా సోకితే, మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా కనిపెట్టుకుని ఉండాలి. ముక్కు దిబ్బడ వేస్తే పాలకు పావుగంట ముందు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ఒక్కో ముక్కులో ఒకటి రెండు వేయండి. నోటితో ముక్కులోకి ఊదొద్దు, నూనె చుక్కలు వేయొద్దు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె ఛాతీకి రాయడం మరీ ప్రమాదం, కర్పూరంతో పసివాళ్ళకు ఫిట్స్ రావచ్చు. ఏడాదిలోపు తేనె నాకించకూడదు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పని చేయదు, దగ్గు సిరప్పులు సొంతంగా పట్టకండి.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం నిండా లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన 40కి చేరినా, దాటినా ఆరోజే డాక్టరుకు చూపించాలి. పాలు సగానికి తగ్గినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా అంతే. డొక్కలు ఎగరేయడం, ప్రతి ఊపిరికీ మూలగడం, పెదాలు నీలబడటం, మధ్యలో ఊపిరి ఆగడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి. గుంటూరైనా విజయవాడైనా పెద్దాసుపత్రి పిల్లల వార్డు రాత్రీ పగలూ ఉంటుంది. దారిలో బలవంతంగా పాలు పట్టకుండా, తల కాస్త ఎత్తుగా ఉండేలా పట్టుకుని, బిడ్డ పుట్టినప్పటి కాగితాలు వెంట తీసుకెళ్ళండి.