ప్యాకెట్ వెనక వైపు చదవడం ఎలా?

సూపర్ మార్కెట్లో ఎవరినైనా కాసేపు గమనించండి. ప్యాకెట్ ముందు బొమ్మ చూస్తారు, ధర చూస్తారు, తేదీ చూస్తే అదే గొప్ప, ట్రాలీలో పడేస్తారు. ఇంకో రకం వాళ్లున్నారు. తిండిలో కలిపే రంగులకు, నిల్వ ఉంచేవాటికి లేబుల్ మీద వేసే కోడ్ నంబర్లున్నాయి కదా, వాట్సాప్‌లో వచ్చిన అలాంటి ‘ప్రాణాంతక నంబర్ల’ జాబితా ఫోన్‌లో పెట్టుకుని, నిమ్మ ఉప్పు పడిన జామ్ సీసాను కూడా హడలిపోయి వెనక్కి పెట్టేస్తారు. రెండు పద్ధతులూ తప్పే. లేబుల్ చదవడం కష్టమైన విద్య కాదు, ఒక్క చోట మాత్రం నిదానం కావాలి.

కావలసినవి: కళ్లద్దాలు, ఫోన్ కెమెరా, ఒక చీటీ. అక్షరాలు మరీ చిన్నవైతే ఫొటో తీసి పెద్దవి చేసుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లకండి, ఆకలి మీద అసలే వెళ్లకండి. ఈ రెండూ నియమాలే.

మొదటి మెట్టు, ప్యాకెట్ తిప్పడం. ముందు వైపు ఉన్న ‘నేచురల్’, ‘నో ఎంఎస్‌జీ’ (అజినోమోటో లేదని) లాంటివి అమ్మేవాడి మాటలు. వెనక తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబరు ఉన్నాయో లేదో చూసుకుని కిందికి రండి.

రెండో మెట్టు, మొదటి మూడు పేర్లు. బరువులో ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. ఆ మూడూ మైదా, పంచదార, పామోలిన్ అయితే ఇక నంబర్ల దాకా వెళ్లక్కర్లేదు. అది రోజూ తినే సరుకు కాదు, పెట్టేయండి.

మూడో మెట్టు బ్రాకెట్లు. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు, కాబట్టి ఆగి చదవండి.

ఫ్రూట్ బిస్కెట్ల ప్యాకెట్ తీసుకుందాం, మన హైదరాబాద్ నుంచి బంధువులకు పట్టుకెళ్లే రకం. పైపైన చూస్తే మైదా, పంచదార, కొవ్వు, టూటీ ఫ్రూటీ. కానీ ఆ టూటీ ఫ్రూటీ పక్కన ఇంకో బ్రాకెట్ ఉంటుంది. అందులో బొప్పాయి, పంచదారతో పాటు 330 అని, 211 అని, 102, 122 అని కనిపించొచ్చు. పదార్థం లోపలి పదార్థం అన్నమాట. నూనె పక్కన కూడా అంతే, అది కనరెక్కకుండా వేసే 319 అక్కడే నక్కి ఉంటుంది. బయటి జాబితా చదివి ‘ఏమీ లేవులే’ అనుకుంటే చదవనట్టే. ఒక్కో బ్రాకెట్ మీద వేలు పెట్టి, అది మూసుకునే దాకా వెళ్లండి. కొన్ని కంపెనీలు నంబరు బదులు పేరే రాస్తాయి: 102 అంటే టార్ట్రజీన్, 211 అంటే సోడియం బెంజోయేట్. రెండూ గుర్తుండాలి.

నంబర్లకు వరసలున్నాయి. నూర్లలో రంగులు, రెండొందల్లో నిల్వ ఉంచేవి, మూడొందల్లో నూనె కనరెక్కకుండా, పులుపు సరిపోయేలా చూసేవి, నాలుగొందల్లో చిక్కదనం ఇచ్చేవి, ఆరొందల్లో రుచి పెంచేవి. తొమ్మిదొందల యాభై దగ్గర తీపి కోసం వేసేవి ఉంటాయి. నంబరు ఉన్నంత మాత్రాన భయపడకండి. 100 అంటే పసుపులోని రంగు, 300 విటమిన్ సి, 330 నిమ్మ ఉప్పు, 500 వంటసోడా. వీటికి భయపడి ఇల్లంతా హడావుడి చేసేవాళ్లే 110 అనే కృత్రిమ రంగును చూడకుండా దాటేస్తారు.

ఇప్పుడు చీటీ తీయండి. నంబర్ల జాబితా రాయొద్దు. ఇంట్లో మనుషుల పేర్లు రాసి, ఒక్కొక్కరి ఎదుట వాళ్లకు పడని నంబర్లు రాయండి.

చిన్నపిల్లలుంటే 102, 110, 122, 124. ఇవి కృత్రిమ రంగులు. బ్రిటన్‌లో సౌతాంప్టన్ పరిశోధకులు 2007లో కొన్ని రంగులను, సోడియం బెంజోయేట్‌ను కలిపి పిల్లలకిచ్చి చూస్తే కొందరిలో అల్లరి, నిలకడలేనితనం పెరిగాయి. అందరిలో కాదు. అయినా 2010 నుంచి యూరప్‌లో ఆ రంగులున్న ప్యాకెట్ మీద హెచ్చరిక వేయాల్సిందే. ఈ నాలుగూ మన దేశంలో పరిమితికి లోబడి వాడుకోవచ్చు. పరిమితి ఒక్కో పదార్థానికి వేరుగా ఉంటుంది, పిల్లాడి కడుపు మాత్రం ఒక్కటే. పొద్దున జామ్, మధ్యాహ్నం సాస్, సాయంత్రం జెల్లీ, రంగు డ్రింకు. ఈ కూడిక ఏ లేబుల్ మీదా రాయరు, మనమే వేసుకోవాలి.

ఉబ్బసం ఉన్నవాళ్లుంటే 220 నుంచి 228 వరకు. ఇవి సల్ఫైట్లు, కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. ఖుబానీ కా మీఠా చేసేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. బేగంబజార్లో నారింజ రంగులో మెరిసే ఎండు ఆప్రికాట్ కనిపిస్తే, ఆ మెరుపు సల్ఫర్ డయాక్సైడ్ (220) వల్ల వచ్చిందే. ముదురు గోధుమ రంగులో, ముడతలు పడి, గింజతో ఉన్న ఖుబానీయే కొనండి. మీఠాకు అదే సరైంది, రుచి కూడా దానిదే.

యూరిక్ యాసిడ్ ఎక్కువున్న పెద్దాయన ఉంటే 627, 631, 635. ఇవి రుచి పెంచేవి, ఒంట్లోకి వెళ్లాక యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ‘నో ఎంఎస్‌జీ’ అన్న చిప్స్ ప్యాకెట్లో ఇవి తరచూ ఉంటాయి. ఎంఎస్‌జీ అంటే 621. దాని మీద ఉన్న భయం దాని నేరం కంటే చాలా పెద్దది. బీపీ ఉన్నవాళ్లు దాని బదులు సోడియం గడి చూసుకోవాలి. రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

సాసేజ్‌లు, సలామీ ఇష్టపడేవాళ్లుంటే 250, అంటే సోడియం నైట్రైట్. ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే ఆధారాలు గట్టిగా ఉన్నవాటిలో చేర్చింది. దీని గురించి నాకు రెండో మాట లేదు, ఇంటికి తేవద్దు.

షుగర్ ఉన్నవాళ్లకు 951, అస్పర్టేమ్. 2023లో దాన్ని ‘క్యాన్సర్‌కు కారణం కావచ్చు’ అన్న వర్గంలో పెట్టారు, ఆధారాలు పరిమితమేనన్నారు. రోజువారీ పరిమితి మాత్రం కిలో బరువుకు 40 మిల్లీగ్రాములుగానే ఉంచారు. కప్పు టీలో ఒక బిళ్లతో ఆ పరిమితి దరిదాపులకు కూడా వెళ్లం. ఫినైల్‌కీటోన్యూరియా (ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని ఒళ్లు అరిగించుకోలేని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం ముట్టకూడదు.

ప్యాకెట్‌ను స్కాన్ చేస్తే మార్కులిచ్చే యాప్‌లున్నాయి కదా అంటారు. ఉబ్బసం ఉన్న అమ్మాయికీ, యూరిక్ యాసిడ్ ఉన్న తాతయ్యకూ ఒకే మార్కు ఇచ్చే యాప్ నాకు అక్కర్లేదు. చీటీ ఫ్రిజ్ మీద అంటించండి, ఫొటో ఫోన్‌లో ఉంచండి.

చివరి మెట్టు, లేబులే లేని తిండి. బండి మీద గోబీ మంచూరియా, పీచుమిఠాయి, విడిగా అమ్మే జిలేబీ. పీచుమిఠాయిలో దొరికిన రోడమిన్-బి, స్వీట్లలో వాడే మెటానిల్ యెల్లో తిండిలో వాడటానికి అసలు అనుమతే లేని రంగులు. 2024 మార్చిలో కర్ణాటక పీచుమిఠాయిలో రోడమిన్-బిని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. ఎర్రగా నిగనిగలాడుతూ వేళ్లకు అంటుకునేది తినొద్దు. మంచూరియా కావాలంటే ‘కలర్ వేయకుండా చెయ్యి భయ్యా’ అని బండి దగ్గరికి వెళ్లగానే చెప్పండి. పిండి ముందే కలిపి ఉంటే అందులో రంగు పడిపోయినట్టే, అప్పుడు ఇంకో బండి చూసుకోవాలి.