స్నార్కెలింగ్‌కు ముందు మాస్కును సిద్ధం చేసుకోండి

ద్వీప విహారంలో స్నార్కెలింగ్ (కళ్లను, ముక్కును కప్పే అద్దపు మాస్కు, నోటిలో గాలి గొట్టంతో నీటిపై తేలుతూ లోపలి వింతలు చూడటం) చేయాలనుకునేవారు పడవ ఎక్కకముందే మాస్కును పరీక్షించుకోవడం మంచిది. పట్టీని తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చేతులు వదిలేసినప్పుడు అది జారకుండా అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్లే. అంచు కింద వెంట్రుకలు చిక్కుకుంటే నీరు లోపలికి వస్తుంది. మీసాలున్నవారికి ఈ ఇబ్బంది కాస్త ఎక్కువే.

కొత్త మాస్కు అద్దంపై తయారీ సమయంలో ఏర్పడిన సన్నని పొర మిగిలి ఉంటుంది కనుక, జెల్ కాని టూత్‌పేస్టుతో లోపలివైపు రెండు మూడు సార్లు రుద్ది కడగకపోతే, ఊపిరిలోని తేమ చల్లని అద్దంపై పేరుకుని ఎదుటనున్న చేప కూడా మసకగానే కనిపిస్తుంది. అయితే ప్లాస్టిక్ అద్దమైతే గీతలు పడతాయి, దానికి ఈ పద్ధతి వద్దు. నీటిలోకి దిగే ప్రతిసారీ ఒక చుక్క పిల్లల షాంపూను లోపల పూసి, ఒకసారి నీటితో తేలిగ్గా కడిగేస్తే చాలు.

వీపు ఎండకు కమిలిపోకుండా క్రీముల కంటే పొడుగు చేతుల ఈత చొక్కా నయమని నా అభిప్రాయం. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది.

తాబేలు కనిపిస్తే దాని పైభాగంలో ఈదకండి, ఎందుకంటే అది గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రావాల్సిందే. పక్కగా, దూరంగా, కదలకుండా తేలుతూ ఉంటే అదే తన దారిన మీ ముందు నుంచి సాగిపోతుంది.